పాత కంప్యూటర్‌కి ఫ్లాపీ ఎమ్యులేటర్ సొంతంగా చేసుకోవడం ఎలా: ఒక పికో బోర్డు, నాలుగు ఐసీలు, ఒక ఎస్‌డీ కార్డు

పాత కంప్యూటర్లలో అన్నిటికంటే ముందు మొరాయించేది ఫ్లాపీ డ్రైవే. బోర్డు బాగానే ఉంటుంది, కీబోర్డు పనిచేస్తుంది, డ్రైవ్‌లో మాత్రం బెల్ట్ సాగిపోవడమో హెడ్‌కి మురికి పట్టడమో, అదీ కాకపోతే డిస్కు మీద పూతే రాలిపోవడమో ఏదో ఒకటి అయి కూర్చుంటుంది. కొత్త డిస్కులు కొందామా అంటే సోనీ వాళ్లే 2011 మార్చిలో జపాన్‌లో అమ్మకాలు ఆపేశారు, ఇప్పుడు దొరికేదంతా ఎప్పుడో చేసి పెట్టిన సరుకు.

దీనికి మందు ఫ్లాపీ ఎమ్యులేటర్, అంటే ఫ్లాపీ డ్రైవ్ చోట కూర్చుని, దాచిపెట్టిన ఫైల్‌లోని డేటాని ఫ్లాపీలోదే అన్నట్టు కంప్యూటర్‌కి అందించే బోర్డు. చాలామంది గోటెక్ అనే రెడీమేడ్ డబ్బా కొని, అందులో కీర్ ఫ్రేజర్ రాసిన ఫ్లాష్‌ఫ్లాపీ ఫర్మ్‌వేర్ ఎక్కించి వాడుకుంటారు. నిజం చెప్పాలంటే మీకు గేమ్ లోడైతే చాలు అనుకుంటే అదే చేయండి, దాన్ని మించింది మనం చేయబోవట్లేదు. డ్రైవ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఏం జరుగుతుందో చేత్తో పట్టుకుని చూడాలి, చెడిపోతే మనమే బాగుచేసుకోవాలి, వింత మెషీన్ ఏదైనా వస్తే దానికి తగ్గట్టు మార్చుకోవాలి అనుకునేవాళ్ల కోసం ఇది. సీ భాషలో కాస్త ప్రోగ్రామింగ్, సోల్డరింగ్ వస్తే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. ఎమ్యులేటర్ అనగానే ఫైళ్లు, ఫోల్డర్లు, డాస్ ఇవన్నీ దానికి తెలియాలేమో అనుకుంటారు, అస్సలు అక్కర్లేదు. కంప్యూటర్ వైపు నుంచి చూస్తే డ్రైవ్ అంటే కొన్ని తీగలు, వాటి మీద సరైన టైముకి పడే పల్స్‌లు, అంతే. ఆ టైమింగ్‌ని సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టకుండా హార్డ్‌వేర్‌కి అప్పగించేస్తే మిగతాదంతా తీరిగ్గా చేసుకునే పని. కింద రాసిన డిజైన్ మొత్తం ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

1. ముందు తీగలు అర్థం చేసుకోండి

34 పిన్నుల కేబుల్ చూసి భయపడొద్దు. బేసి నంబర్ పిన్నులన్నీ గ్రౌండే, అంటే సగం అక్కడే తీసేయొచ్చు. సరి పిన్నుల్లో మనకి కావాల్సినవి ఇవి: 8 ఇండెక్స్ (చుట్టుకొక పల్స్), 10, 12, 14 డ్రైవ్ సెలెక్ట్‌లు, 16 మోటార్, 18 డైరెక్షన్, 20 స్టెప్ (హెడ్‌ని ఎటు జరపాలో, ఎప్పుడు ఒక అడుగు జరపాలో), 22 రైట్ డేటా, 24 రైట్ గేట్, 26 ట్రాక్ జీరో (హెడ్ మొదటి ట్రాక్ మీద ఉందని చెప్పేది), 28 రైట్ ప్రొటెక్ట్, 30 రీడ్ డేటా, 32 సైడ్ సెలెక్ట్, ఇక 2, 34 పిన్నులు మెషీన్‌ని బట్టి వేషాలు మారుస్తాయి, వాటి సంగతి చివర్లో. ఈ అమరికని షుగార్ట్ బస్ అంటారు, 1976లో షుగార్ట్ కంపెనీ 5.25 అంగుళాల డ్రైవ్‌తో వచ్చిన పద్ధతే కొద్ది మార్పులతో అందరూ వాడారు.

సిగ్నళ్లన్నీ తలకిందులు, అంటే తీగ 0 వోల్టులకి దిగితే "అవును" అని, 5 వోల్టుల దగ్గర ఉంటే "కాదు" అని. పైగా ఓపెన్ కలెక్టర్, ఎవరూ తీగని పైకి తోయరు, కిందికి లాగడం మాత్రమే చేస్తారు, పైకి తీసుకెళ్లే పని రెసిస్టర్‌ది. అందువల్లే ఒకే కేబుల్ మీద రెండు డ్రైవులు గొడవ పడకుండా బతుకుతాయి.

పీసీ కేబుల్‌లో 10 నుంచి 16 దాకా తీగలు మధ్యలో మెలి తిప్పి ఉంటాయి చూడండి. పీసీ కంట్రోలర్ "ఏ" అనే మొదటి డ్రైవ్ సెలెక్ట్‌ని 14 మీద, మోటార్‌ని 10 మీద పంపిస్తుంది, ఆ మెలిక దాటాక అవే 12కీ 16కీ వస్తాయి, కాబట్టి పీసీలో ఎమ్యులేటర్‌ని ఏ గా పెట్టినా బీ గా పెట్టినా 12నే వింటే సరిపోతుంది. మిగతా చాలా మెషీన్లలో మెలిక ఉండదు, అక్కడ 10 లేదా 12. జంపర్ పెట్టుకుంటే ఈ గోల తీరిపోతుంది.

2. సామాన్లు

రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు ఒకటి. దీని చిప్‌లో 264 కేబీ ర్యామ్, రెండు కోర్లు ఉన్నాయి, వాటికంటే ముఖ్యంగా పీఐఓ అని ఎనిమిది చిన్న స్టేట్ మెషీన్లు ఉన్నాయి, ప్రాసెసర్ ఏ పనిలో ఉన్నా సరే ఇవి వాటి లెక్కలో అవి పిన్నులు ఆడిస్తూ పోతాయి. మనకి కావాల్సింది అచ్చం ఇదే. మామూలు మైక్రోకంట్రోలర్‌లో ఇంటరప్ట్‌లతో కూడా చేయొచ్చు, చేసినవాళ్లున్నారు, కానీ ఆ తలనొప్పి ఎందుకు.

మైక్రో ఎస్‌డీ కార్డు సాకెట్, 74ఏహెచ్‌సీ14 రెండు, 74ఎల్ఎస్38 రెండు, 1 కిలో ఓమ్ రెసిస్టర్లు ఓ పది, ప్రతి ఐసీకి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, మొత్తానికి ఒక 47 మైక్రోఫారడ్‌ది, ఒక షాట్కీ డయోడ్, 34 పిన్నుల హెడర్, రెండు బటన్లు. స్క్రీన్ కావాలనుకుంటే 0.96 అంగుళాల ఓలెడ్, లేకపోయినా నడుస్తుంది.

ఐసీలు కొనేటప్పుడు పేరు మధ్యలో అక్షరాలు జాగ్రత్తగా చూడండి. పికో 3.3 వోల్టుల మనిషి, దాని పిన్నుకి నేరుగా 5 వోల్టులు ఇవ్వకూడదు. 74ఏహెచ్‌సీ14ని 3.3 వోల్టులతో నడుపుతూ ఇన్‌పుట్‌కి 5 వోల్టులు ఇచ్చినా తట్టుకుంటుంది, 74ఎల్‌వీసీ14 అయినా అంతే, కానీ ఒక్క అక్షరం తేడాతో 74హెచ్‌సీ14 తెచ్చారంటే దాని లోపలి డయోడ్లు ఆ 5 వోల్టుల్ని సప్లై లైన్లోకి ఎక్కిస్తాయి. షాపులో "రెండూ ఒకటే సార్" అంటారు, ఒకటి కాదు.

3. వైరింగ్

కంప్యూటర్ నుంచి మనకొచ్చే ఏడు సిగ్నళ్లు (సెలెక్ట్, మోటార్, డైరెక్షన్, స్టెప్, రైట్ డేటా, రైట్ గేట్, సైడ్) ఒక్కోదానికీ 1 కిలో ఓమ్‌తో 5 వోల్టులకి పుల్-అప్ ఇచ్చి, 74ఏహెచ్‌సీ14 గుండా పికోకి తీసుకెళ్లండి. ఇది ఇన్వర్టర్ కాబట్టి తలకిందులుగా వచ్చిన సిగ్నల్ లోపలికొచ్చేసరికి నిటారుగా అయిపోతుంది, కోడ్‌లో 1 అంటే అవును, 0 అంటే కాదు, రాత్రి పన్నెండుకి డీబగ్ చేసేటప్పుడు ఇది ఎంత ఊరటో అప్పుడు తెలుస్తుంది. పైగా ష్మిట్ ట్రిగర్ కాబట్టి పొడుగు కేబుల్ మీద వచ్చే గజిబిజిని కూడా అదే శుభ్రం చేస్తుంది. మిగిలిపోయిన ఇన్వర్టర్ల ఇన్‌పుట్‌లు గాల్లో వదలకుండా గ్రౌండ్‌కి కట్టేయండి.

మన నుంచి వెళ్లేవి ఆరు: ఇండెక్స్, ట్రాక్ జీరో, రైట్ ప్రొటెక్ట్, రీడ్ డేటా, ఇంకా 2, 34. వీటికి 74ఎల్ఎస్38. ఇది ఓపెన్ కలెక్టర్ నాండ్ గేట్, రెండు ఇన్‌పుట్‌లూ 1 అయితేనే తీగని కిందికి లాగుతుంది. ఒక ఇన్‌పుట్‌కి పికో నుంచి సిగ్నల్, ఇంకోదానికి ఇన్వర్టర్ నుంచి వచ్చిన డ్రైవ్ సెలెక్ట్. అంతే, కంప్యూటర్ మనల్ని పిలవనంతసేపూ మన బోర్డు నోరు మూసుకుని ఉంటుంది, పక్కన ఇంకో డ్రైవ్ ఉన్నా ఇబ్బంది లేదు, సాఫ్ట్‌వేర్‌లో దీనికోసం ఒక్క లైను కూడా రాయక్కర్లేదు. ఐసీకి 5 వోల్టులు ఇవ్వండి, పికో ఇచ్చే 3.3 వోల్టులు దానికి హాయిగా 1గానే కనిపిస్తాయి.

పాత 5.25 అంగుళాల కాలం మెషీన్లలో పుల్-అప్‌లు 150 ఓమ్‌లు ఉంటాయి. అంటే తీగని కిందికి లాగాలంటే 33 మిల్లీఆంప్‌లు మింగాలి, 74ఎల్ఎస్38 సామర్థ్యం 24. అలాంటి మెషీన్ అయితే మధ్యలో ఎల్ఎస్ లేని పాత 7438 వాడండి, అది 48 దాకా తట్టుకుంటుంది. కాకపోతే దాని ఒక్కో ఇన్‌పుట్ 0 చేయడానికి 1.6 మిల్లీఆంప్ లాగాలి, ఆరు గేట్ల సెలెక్ట్‌ని ఒకే ఇన్వర్టర్ మోయలేదు, ఖాళీగా ఉన్న ఇన్వర్టర్లు ఇంకో రెండు తీసుకుని మూడింటికి రెండేసి గేట్లు పంచండి. మీ మెషీన్‌లో ఎన్ని ఓమ్‌లున్నాయో కరెంటు తీసేసి మల్టీమీటర్‌తో 30వ పిన్నుకీ 5 వోల్టులకీ మధ్య కొలిస్తే తెలిసిపోతుంది.

కరెంటు విషయం. 3.5 అంగుళాల డ్రైవ్‌కి వచ్చే నాలుగు పిన్నుల కనెక్టర్‌లో మామూలుగా ఎరుపు 5 వోల్టులు, పసుపు 12, మధ్యలో రెండు నలుపు గ్రౌండ్. మనకి 12 అక్కర్లేదు, దాని జోలికే పోవద్దు. 5 వోల్టుల్ని షాట్కీ డయోడ్ గుండా పికో వీసిస్ (VSYS) పిన్నుకి ఇస్తే యూఎస్‌బీ కూడా ఒకేసారి పెట్టి ప్రోగ్రామ్ చేసుకోవచ్చు. రంగులు చూసి మాత్రం నమ్మకండి, ఆమ్‌స్ట్రాడ్ వాళ్ల 3 అంగుళాల డ్రైవుల్లో 5, 12 తారుమారుగా ఉంటాయి. మీటర్ పెట్టి కొలిచాకే బోర్డు తగిలించండి.

4. ట్రాక్‌ని తయారుచేయడం

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి, అసలు పని ఇదే. 720 కేబీ డిస్కు ఇమేజ్ (డిస్కులోని డేటా అంతా ఒకే ఫైల్‌గా) అంటే 80 సిలిండర్లు (హెడ్ ఆగే చోట్లు), 2 సైడ్లు, ట్రాక్‌కి (ఒక సైడ్ మీద ఒక చుట్టు) 9 సెక్టార్లు (ముక్కలు), సెక్టార్‌కి 512 బైట్లు, మొత్తం 7,37,280 బైట్లు. 1.44 అయితే 18 సెక్టార్లు, 14,74,560 బైట్లు. ఈ ఇమేజ్ ఫైల్‌లో ఉన్నది డేటా మాత్రమే, నిజమైన డిస్కు మీద దాని చుట్టూ ఇంకా బోలెడు సరంజామా ఉంటుంది, అది మనమే కట్టాలి.

డ్రైవ్ నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టు 200 మిల్లీసెకన్లు. 720 కేబీ డిస్కులో సెకనుకి 2,50,000 బిట్లు, కాబట్టి ఒక చుట్టులో 50,000 బిట్లు, అంటే 6,250 బైట్లు. ఈ 6,250 ఎలా నిండుతాయో చూడండి. ముందు 80 సార్లు 4ఈ (ఈ బైట్ల విలువలన్నీ హెక్స్‌లో), 12 సున్నాలు, మూడు సీ2, ఒక ఎఫ్‌సీ, మళ్లీ 50 సార్లు 4ఈ, ఇక్కడికి 146. తర్వాత ఒక్కో సెక్టార్‌కీ: 12 సున్నాలు, మూడు ఏ1, ఎఫ్ఈ, సిలిండర్ సైడ్ సెక్టార్ సైజు నాలుగు బైట్లు, సీఆర్‌సీ (తప్పులు పట్టే చెక్ కోడ్) రెండు, 22 సార్లు 4ఈ, మళ్లీ 12 సున్నాలు, మూడు ఏ1, ఎఫ్‌బీ, 512 డేటా, సీఆర్‌సీ రెండు, చివర్లో 80 సార్లు 4ఈ. కూడితే సెక్టార్‌కి 654. తొమ్మిదింటికి 5,886, ముందు 146 కలిపితే 6,032, మిగిలిన 218 కూడా 4ఈతో నింపేస్తే సరిగ్గా 6,250. 1.44కి సెక్టార్ వెనక గ్యాప్ 80 బదులు 108, అప్పుడు మొత్తం 12,500కి వస్తుంది, చివర్లో మిగిలేది 78 మాత్రమే.

సైజు బైట్ 512కి 2 అని గుర్తుపెట్టుకోండి, సెక్టార్ నంబర్లు 1 నుంచి మొదలవుతాయి, సున్నా నుంచి కాదు. సీఆర్‌సీ 1021 పాలినోమియల్‌ది, మొదటి విలువ ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్, మూడు ఏ1లు కూడా లెక్కలోకి వస్తాయి. మీ ఫంక్షన్ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి సులువైన పద్ధతి ఉంది, ఆ మూడు ఏ1లు దాటాక విలువ సీడీబీ4 రావాలి. రాకపోతే ముందుకెళ్లకుండా అక్కడే ఆగి సరిచేయండి.

ఇప్పుడు ఎంఎఫ్ఎం, అంటే డేటా బిట్లని డిస్కు మీద పల్స్‌లుగా మార్చే పద్ధతి. ఒక్కో డేటా బిట్ రెండు సెల్‌లు (పల్స్ ఉంటే 1, లేకపోతే 0) అవుతుంది: 1 అయితే 01, 0 అయితే దాని ముందు బిట్ కూడా 0 అయినప్పుడు 10, ముందు 1 ఉంటే 00. ఇలా చేస్తే రెండు పల్స్‌ల మధ్య దూరం 4, 6, 8 మైక్రోసెకన్లు తప్ప ఇంకోటి రాదు (1.44లో 2, 3, 4). 256 విలువలకీ ముందే టేబుల్ కట్టుకోండి, ఒక బైట్ ఇస్తే 16 సెల్‌లు వస్తాయి, ముందు బైట్ చివరి బిట్ 1 అయితే మొట్టమొదటి సెల్‌ని 0 చేయడం మర్చిపోవద్దు. ఒక్క మినహాయింపు, సింక్ కోసం పెట్టే మూడు ఏ1లు. మామూలు లెక్కలో ఏ1 అంటే 44ఏ9 రావాలి, కానీ అక్కడ కావాలనే ఒక క్లాక్ పల్స్ ఎగ్గొట్టి 4489 రాస్తారు. మామూలు డేటాలో ఎక్కడా రాని వరుస అది, దాన్ని చూసే కంట్రోలర్ "ఓహో ఇక్కడ మొదలు" అని తెలుసుకుంటుంది. అలాగే మొదట్లో సీ2లు 5224. వీటిని టేబుల్ నుంచి తీస్తే మీ డ్రైవ్‌లో డిస్కు ఉన్నా కంట్రోలర్‌కి ఏమీ కనపడదు.

5. పీఐఓకి అప్పగించడం

ఒక సైడ్‌ని ఇలా పల్స్‌లుగా పంపడం తేలికే. చిక్కు ఎక్కడంటే కంప్యూటర్ మధ్యలో సైడ్ మార్చేస్తుంది, అప్పుడు డిస్కు అదే చోట తిరుగుతూ ఉండాలి, రెండో సైడ్‌లో అదే కోణం దగ్గర్నుంచి డేటా రావాలి. సాఫ్ట్‌వేర్‌తో బఫర్లు మార్చబోతే ఎంత టైముకి మారింది, ఎక్కడ ఆగింది అని లెక్కలు.

దీనికి మందు ఏంటంటే రెండు సైడ్ల సెల్‌లని ఒకదాని పక్కన ఒకటి అల్లేయడం. మొదటి బిట్ సైడ్ 0ది, తర్వాతిది సైడ్ 1ది, మళ్లీ సైడ్ 0, ఇలా జడలాగా. స్టేట్ మెషీన్ ప్రతి సెల్‌కీ రెండు బిట్లు తీసుకుంటుంది, సైడ్ సెలెక్ట్ పిన్ను చూస్తుంది, ఏది కావాలో అది వాడి రెండోది పారేస్తుంది. సైడ్ మారితే ఆ క్షణం నుంచే రెండో సైడ్ డేటా, ప్రాసెసర్‌కి తెలియను కూడా తెలియదు.

ప్రోగ్రామ్ పది ఇన్‌స్ట్రక్షన్లే. ఎక్స్‌లోకి ఒక బిట్, వైలోకి ఒక బిట్ లాగండి. సైడ్ పిన్ను 1 అయితే వైని ఎక్స్‌లోకి కాపీ చేసే చోటికి దూకండి, 0 అయితే దాన్ని దాటేసే జంప్, రెండు దారులకీ ఒకే టైము పట్టేలా. తర్వాత ఎక్స్ సున్నా అయితే ఐదు టిక్కులు ఊరికే ఆగి మళ్లీ మొదటికి, కాకపోతే పిన్ను 1 చేసి మూడు టిక్కులు ఉంచి, 0 చేసి, మొదటికి జంప్. ఏ దారిలో వెళ్లినా మొత్తం పది టిక్కులు, పల్స్ ఎప్పుడూ ఆరో టిక్కులోనే మొదలవుతుంది, అంటే జిట్టర్ లేదు. పికో క్లాక్ 125 మెగాహెర్ట్జ్, డివైడర్ 25 పెడితే టిక్కు 200 నానోసెకన్లు, పది టిక్కులు 2 మైక్రోసెకన్లు, 720కి కావాల్సిన సెల్ అదే. 1.44కి డివైడర్ 12.5 చేయండి, ఇంకేం మార్చక్కర్లేదు.

ఈ అల్లికలో ఇంకో లాభం ఉంది. ఒక బైట్‌కి 16 సెల్‌లు, రెండు సైడ్లవి కలిపితే 32, అంటే సరిగ్గా ఒక వర్డ్. ట్రాక్‌లో 6,250 బైట్లయితే బఫర్‌లో 6,250 వర్డ్‌లు, 25 కేబీ, 1.44కి 50 కేబీ. డీఎంఏ (ప్రాసెసర్‌తో పని లేకుండా బఫర్ నుంచి డేటా తరలించే హార్డ్‌వేర్) ఇప్పుడు ఏ వర్డ్ దగ్గర ఉందో చూస్తే డిస్కు మీద హెడ్ ఏ బైట్ దగ్గర ఉందో తెలిసినట్టే. రాసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

డీఎంఏ ఛానల్‌తో బఫర్‌ని స్టేట్ మెషీన్ ఫీఫో (దాని ముందుండే చిన్న క్యూ)లోకి పంపండి, అయిపోగానే ఇంకో ఛానల్ దాన్ని మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ చేసేలా చెయిన్ చేయండి. పై బిట్ ముందు వెళ్లాలి, కాబట్టి ఎడమవైపు షిఫ్ట్, ఆటోపుల్ 32. బఫర్‌ని వర్డ్‌లుగా కడితే బాధ లేదు, బైట్లుగా కడితే మాత్రం డీఎంఏలో బైట్ స్వాప్ ఆన్ చేయాలి. ప్రతి చుట్టు మొదట్లో ఇంటరప్ట్ తీసుకుని ఇండెక్స్ పిన్ను 2 మిల్లీసెకన్లు 1 చేయండి. మోటార్ సిగ్నల్ లేనప్పుడు ఇదంతా ఆపేయండి.

6. స్టెప్, ట్రాక్ జీరో, కార్డు నుంచి చదవడం

స్టెప్ పిన్ను మీద ఇంటరప్ట్ పెట్టండి, పల్స్ వెనక అంచు మీద. డ్రైవ్ సెలెక్ట్ ఉంటేనే లెక్కపెట్టండి. డైరెక్షన్ 1 (తీగ మీద 0) అయితే లోపలికి, అంటే సిలిండర్ నంబర్ పెరగాలి, లేకపోతే తగ్గాలి, సున్నా కంటే కిందికి పోకూడదు. సున్నా అవ్వగానే అదే ఇంటరప్ట్‌లోనే ట్రాక్ జీరో పిన్ను మార్చేయండి, వాయిదా వేయొద్దు, కంప్యూటర్ దానికోసమే కాచుకుని ఉంటుంది. పీసీలో ఉండే 765 కంట్రోలర్ హెడ్‌ని మొదటికి తెమ్మంటే 77 స్టెప్‌లే వేసి ఆగిపోతుంది, 79వ సిలిండర్ నుంచి వస్తుంటే సున్నాకి చేరదు, రెండోసారి అడుగుతుంది. లాగ్‌లో అది చూసి మీ కోడ్ తప్పనుకుని వెతుక్కోకండి.

స్టెప్‌లు సాధారణంగా 3 మిల్లీసెకన్లకి ఒకటి వస్తాయి, ప్రతి స్టెప్‌కీ కార్డు చదవాల్సిన పని లేదు. చివరి స్టెప్ తర్వాత ఓ 5 మిల్లీసెకన్లు ఏమీ రాకపోతే అప్పుడు ఆ సిలిండర్‌ని చదవండి. ఇమేజ్‌లో ఒక సిలిండర్ రెండు సైడ్లూ పక్కపక్కనే ఉంటాయి, 720కి 9,216 బైట్లు, 1.44కి 18,432, ఒక్క రీడ్‌లో వచ్చేస్తాయి. ఎస్‌పీఐ (కార్డుతో మాట్లాడే లైన్లు) 12.5 మెగాహెర్ట్జ్‌లో నడిపితే పెద్దదానికి కూడా 12 మిల్లీసెకన్లు. ఫ్యాట్ ఎఫ్ఎస్ లైబ్రరీ వాడండి, ఫైల్‌ని ప్రతిసారి ఓపెన్ చేయకుండా తెరిచే ఉంచి సీక్ చేసుకోండి. ఈ పనంతా ఒక కోర్‌కి, స్టెప్, ఇండెక్స్ ఇంటరప్ట్‌లు ఇంకో కోర్‌కి.

కొత్త సిలిండర్ తయారయ్యేలోపు వైర్ మీద ఏం పంపాలి? పాత ట్రాక్ పంపితే కంట్రోలర్ తప్పు సిలిండర్ నంబర్ చదివి సీక్ ఎర్రర్ ఇస్తుంది. అందుకని రెండు బఫర్లు పెట్టుకుని, స్టెప్ రాగానే రీడ్ డేటా ఆపేసి ఇండెక్స్ మాత్రం తిప్పుతూ ఉండండి, రెండో బఫర్ నిండాక అక్కడికి మారండి. 765 అయితే ఇండెక్స్ రెండుసార్లు దాటేదాకా ఓపిక పడుతుంది, మనకి కావాల్సిన దానికంటే చాలా ఎక్కువ.

7. ఇక్కడ ఆగి పరీక్షించండి

రైట్ ప్రొటెక్ట్ పిన్ను ఎప్పుడూ 1గా పెట్టేసి, చదవడం మాత్రమే పనిచేసే బోర్డుగా ముందు నిలబెట్టండి. దీన్ని దాటేసి ఒకేసారి రాయడం కూడా చేయబోతే తప్పు ఎటువైపు ఉందో పట్టుకోలేక జుట్టు పీక్కోవడమే.

పాత కంప్యూటర్‌కి తగిలించక ముందే లాజిక్ ఎనలైజర్ పెట్టండి, 24 మెగాహెర్ట్జ్ ఎనిమిది ఛానళ్ల చవక రకం చాలు. డ్రైవ్ సెలెక్ట్‌ని, మోటార్‌ని గ్రౌండ్‌కి కట్టి, 8వ పిన్ను మీద 200 మిల్లీసెకన్లకి ఒక ఇండెక్స్, 30వ పిన్ను మీద 4, 6, 8 మైక్రోసెకన్ల దూరాల్లో పల్స్‌లు వస్తున్నాయా చూడండి. 30వ పిన్నుకి ఇక్కడ ఒక 1 కిలో ఓమ్ పుల్-అప్ తాత్కాలికంగా కట్టాలి, లేకపోతే ఏమీ కనపడదు, 8కీ అంతే. సున్నాల వరుసలో పల్స్‌లన్నీ 4 మైక్రోసెకన్ల దూరంలో ఉంటాయి, వెంటనే 4489 వస్తే 8, 6, 8, 6 అని లయ మారుతుంది, రెండు నిమిషాలు చూస్తే కంటికి అలవాటైపోతుంది. 10 లాంటి దూరం ఎక్కడైనా కనిపిస్తే ఎంఎఫ్ఎం టేబుల్‌లో బైట్ల అతుకు దగ్గర చూడండి, 2 కనిపించినా అంతే.

ఇక మెషీన్‌కి తగిలించి డైరెక్టరీ చూడండి. లైటు వెలిగి ఆరకుండా ఉండిపోతే కేబుల్ తిరగేసి పెట్టారు, బేసి పిన్నుల గ్రౌండ్ అంతా సరి పిన్నుల మీదికి వచ్చి సెలెక్ట్ ఎప్పుడూ ఆన్‌లో ఉంది, కంగారు లేదు, తీసి సరిగ్గా పెట్టండి. "సెక్టార్ దొరకలేదు" అంటే సింక్ గానీ సిలిండర్ నంబర్ గానీ తప్పు, "డేటా ఎర్రర్" అంటే సీఆర్‌సీ. సైడ్ 0 వస్తూ సైడ్ 1 రాకపోతే అల్లికలో క్రమం తారుమారైంది.

8. రాయడం

ఇంకో స్టేట్ మెషీన్ రైట్ డేటా పిన్ను మీద రెండు పల్స్‌ల మధ్య ఎంతసేపైందో లెక్కపెట్టి ఆ అంకె మీకు ఇస్తుంది. 720లో 5 మైక్రోసెకన్ల లోపు అయితే 4 కింద, 5 నుంచి 7 అయితే 6, ఆపైన 8 (1.44లో అన్నీ సగం). అంత వెడల్పు ఎందుకంటే పీసీ కంట్రోలర్లు రాసేటప్పుడు కావాలనే పల్స్‌లని కొద్దిగా అటూ ఇటూ జరుపుతాయి, ప్రీకాంపెన్సేషన్ అని, అసలు డిస్కుకి అది అవసరం, మనకి అక్కర్లేదు గానీ ఆపమని చెప్పలేం. వచ్చిన దూరాల్ని 01, 001, 0001గా మార్చి వరుసగా పేర్చి, 4489 మూడుసార్లు వెతికి, ఎఫ్‌బీ తర్వాత 512 బైట్లు తీసి, సీఆర్‌సీ సరిపోతేనే ఒప్పుకోండి.

ఏ సెక్టార్ అది? కంట్రోలర్ డేటా భాగమే రాస్తుంది, నంబర్ మళ్లీ రాయదు. రైట్ గేట్ ఆన్ అయిన క్షణంలో డీఎంఏ ఏ వర్డ్ దగ్గర ఉందో రాసిపెట్టుకోండి, దాన్లోంచి 146 తీసేసి 654తో (1.44కి 682తో) భాగించండి, భాగఫలానికి ఒకటి కలిపితే సెక్టార్ నంబర్. ఫీఫోలో ముందే నిలిచి ఉండే నాలుగైదు వర్డ్‌ల తేడా ఇక్కడ అడ్డురాదు, ఎందుకంటే గేట్ తెరుచుకునేది సెక్టార్ మొదలైన 44 బైట్ల దగ్గర.

తర్వాత ఆ 512 బైట్లని ముందు బఫర్‌లో అల్లేసి (కంప్యూటర్ వెంటనే చదివి సరిచూసుకోవచ్చు), కార్డులోకి రాసే పని ఒక క్యూలో పెట్టండి. ఎస్‌డీ కార్డులు రాసేటప్పుడు అప్పుడప్పుడు కునుకు తీస్తాయి, స్టాండర్డ్ ప్రకారమే 250 మిల్లీసెకన్ల దాకా ఆగొచ్చు, అప్పటికి కంప్యూటర్ ఇంకో సిలిండర్‌కి వెళ్లిపోయి ఉంటుంది. క్యూ ఖాళీ అయ్యేదాకా వెలిగే ఎల్ఈడీ ఒకటి పెట్టండి, అది వెలుగుతుండగా స్విచ్ ఆపొద్దు. ఫార్మాట్ కమాండ్ వస్తే గేట్ ఒక చుట్టంతా తెరిచే ఉంటుంది, అప్పుడు లెక్కతో పని లేదు, వచ్చేదాన్లో ఎఫ్ఈ హెడర్లు కూడా ఉంటాయి, వాటిలో నంబర్ చూసి తర్వాతొచ్చే డేటాని అక్కడ పెట్టండి.

9. డిస్కు మార్చడం, మెషీన్ల అలకలు

రెండు బటన్లు, ముందుకి వెనక్కి, కార్డులో ఫైళ్లు పేరు వరుసలో. పేర్ల ముందు 01, 02 అని పెట్టుకుంటే స్క్రీన్ లేకుండానే గడిచిపోతుంది. బటన్ నొక్కగానే నేరుగా కొత్త ఇమేజ్ ఇచ్చేయకండి, పీసీకి డిస్కు మారిందని తెలియకపోతే పాత డైరెక్టరీ గుర్తుపెట్టుకుని కొత్త ఇమేజ్ మీద రాసి నాశనం చేస్తుంది. ఓ సెకను పాటు డిస్కు లేనట్టు ఉండి, డిస్క్ ఛేంజ్ పిన్నుని కోడ్‌లో 1 చేసి, కొత్త ఇమేజ్ పెట్టాక మొదటి స్టెప్ వచ్చినప్పుడు 0 చేయండి. పీసీలో అది 34వ పిన్ను. అమీగాలో 2వ పిన్ను డిస్క్ ఛేంజ్, 34 రెడీ. ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ కూడా 34 మీద రెడీయే అడుగుతుంది. అటారీ ఎస్‌టీ వీటినేవీ చూడదు, నిజమైన డిస్కు లాగేటప్పుడు రైట్ ప్రొటెక్ట్ సెన్సర్ ముందు నుంచి జారుతుంది కదా, ఆ మిణుకుని బట్టే కనిపెడుతుంది, కాబట్టి మీరు కూడా మార్చేటప్పుడు రైట్ ప్రొటెక్ట్‌ని అర సెకను ఆడించాలి. ఈ తేడాలన్నీ కార్డులో చిన్న కాన్ఫిగ్ ఫైల్‌లో పెట్టుకోండి, 2వ పిన్నుకి మాత్రం జంపర్ ఉంచండి, పీసీల్లో ఆ తీగని కంప్యూటరే డెన్సిటీ చెప్పడానికి వాడుతుంది.

అమీగాకి పైన చెప్పిన ట్రాక్ అమరిక పనిచేయదు, అది గ్యాప్‌లు పెట్టకుండా 11 సెక్టార్లు ఒకదాని వెనక ఒకటి రాసి 880 కేబీ లాగుతుంది, ఎన్‌కోడర్ వేరే రాయాలి, పీఐఓ భాగం మాత్రం అదే. కాపీ ప్రొటెక్షన్ ఉన్న గేములకి సెక్టార్ ఇమేజ్ ఎలాగూ చాలదు, వాటికి సెల్‌లనే దాచే హెచ్ఎఫ్ఈ లాంటి ఫార్మాట్ చదివి నేరుగా బఫర్‌లో పోయాలి. మీ దగ్గరున్న పాత డిస్కుల్ని ఇమేజ్‌గా తీయడానికి గ్రీజ్‌వీజల్ బోర్డు, పనిచేస్తున్న డ్రైవ్ ఒకటి ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోండి, ఇది మాత్రం త్వరగా చేయండి, డిస్కులు మీ బోర్డు పూర్తయ్యేదాకా ఆగవు.

ఇంకోటి, స్టెప్ వచ్చినప్పుడల్లా టిక్ మనే చిన్న పీజో బజర్ పెట్టండి. సరదాకి అనుకుంటారు గానీ సీక్ ఎక్కడ ఇరుక్కుందో, ఒకే ట్రాక్‌ని పదేపదే ఎప్పుడు అడుగుతోందో చెవితోనే తెలిసిపోతుంది, చాలాసార్లు ఎనలైజర్ తీయాల్సిన పనే ఉండదు.